అల్ట్రా హై ఎనర్జీ కాస్మిక్ రేస్: లెక్కపెట్టడం సరే, ఒక్కోదాని ఎనర్జీ ఎంతో ఎలా చెప్తున్నారు?

సగంచంద్రుడు:

అందరికీ నమస్కారం. నేను ఫిజిక్స్ వాణ్ణి కాదండి, డేటా పనిలో ఉంటా, ఖాళీ దొరికినప్పుడు కాస్మిక్ కిరణాల గురించి, అంటే అంతరిక్షం నుంచి వచ్చి పడే కణాల గురించి చదువుతుంటా. మొన్న అమతెరాసు గురించి చదివా, అదే 2021 మే 27న యూటా ఎడారిలో టెలిస్కోప్ అర్రే వాళ్లకి దొరికిన పార్టికల్, దాని ఎనర్జీ 244 ఎక్సా ఈవీ అంట, అంటే 2.44 × 10^20 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్‌లు). జౌల్స్‌లోకి మార్చి చూస్తే 39 వచ్చింది, ఒక్క కణంలో! సెర్న్ వాళ్ల యాక్సిలరేటర్ ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్‌కి 6.8 × 10^12 ఈవీ మాత్రమే కాబట్టి దానికి మూడున్నర కోట్ల రెట్లు.

సరే, నా డౌట్స్ ఏంటంటే, అసలు ఆ కణం కింద దాకా రాదు కదా, పైన గాలిలోనే ఏదో న్యూక్లియస్‌కి తగిలి ముక్కలైపోతుంది, దాన్ని ఎవరూ చూడలేదు, మరి 244 అని అంత ధీమాగా ఎలా రాశారు? రెండోది, అర్జెంటీనాలోని ఆజేర్ అబ్జర్వేటరీ వాళ్ల స్పెక్ట్రమ్ (ఏ ఎనర్జీలో ఎన్ని కణాలు వస్తున్నాయన్న లెక్క), టెలిస్కోప్ అర్రే వాళ్ల స్పెక్ట్రమ్ ఒకే గ్రాఫ్‌లో పెట్టిన బొమ్మ చూశా, మొదట్లో బాగానే కలిసి వెళ్లి చివర్లో విడిపోతున్నాయి, ఇద్దరూ చూసేది ఒకే విశ్వాన్ని కదా? మూడోది, వై యాక్సిస్ మీద ఫ్లక్స్ (ఇంత స్థలంలో ఇంత టైములో ఎన్ని కణాలన్నది) వేయకుండా దాన్ని ఎనర్జీ క్యూబ్‌తో గుణించి వేస్తున్నారు, మా ఆఫీసులో నేను ఇలా ఒక గ్రాఫ్ వేసి చూపిస్తే డేటాని వండుతున్నావా అని అడుగుతారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ఫార్ములాలు ఉన్నా పర్లేదు.

నీళ్లట్యాంకు:

మంచి ప్రశ్నలు. మొదటిదానికి నేను చెప్తా, మిగతావి ఎవరైనా అందుకోండి.

మీరన్నట్టు ఆ అసలు కణాన్ని ఎవరూ చూడరు, చూసేది దాని వల్ల పుట్టిన షవర్‌ని, అంటే ఒకదాన్నుంచి ఇంకొకటిగా పుట్టుకొచ్చే కణాల జల్లుని. 10^20 ఈవీ కణం ఒకటి గాలిలో గుద్దుకుంటే ఆ షవర్ బాగా ముదిరిన చోట పది వేల కోట్ల దాకా కణాలుంటాయి, ఎక్కువ శాతం ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు, ఫోటాన్లు, కొన్ని మ్యుయాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైనవి). నేల మీదకి వచ్చేసరికి అది కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. 1938లో పియర్ ఆజేర్ డిటెక్టర్లని దూరం దూరంగా పెట్టి, రెండూ ఒకేసారి మోగుతున్నాయని చూపించింది ఈ విషయమే, అందుకే అర్జెంటీనాలో మలార్గే ఊరి దగ్గరున్న అబ్జర్వేటరీకి ఆయన పేరు పెట్టారు.

అక్కడ 3,000 చదరపు కిలోమీటర్లలో 1,660 దాకా నీళ్ల ట్యాంకులు ఉన్నాయి, ఒక్కోదాంట్లో 12 టన్నుల శుద్ధమైన నీళ్లు, సన్నటి వెలుగుని కూడా పట్టే మూడు ఫోటో మల్టిప్లయర్ ట్యూబులు, ట్యాంకుకీ ట్యాంకుకీ మధ్య కిలోమీటరున్నర. కణం నీళ్లలోంచి దూసుకెళ్తే చెరెన్‌కోవ్ వెలుగు వస్తుంది, దాన్ని కొలుస్తారు. ఇంతా చేసి అన్ని ట్యాంకుల వైశాల్యం కలిపినా మొత్తం స్థలంలో లక్షా డెబ్బై వేల వంతుల్లో ఒక వంతు కూడా సరిగ్గా రాదు, సముద్రంలో కాకిరెట్టంత అన్నమాట. కాబట్టి కణాలన్నీ లెక్కపెట్టి కూడేయడం అనే ప్రశ్నే లేదు.

అందుకని ఏం చేస్తారంటే, ఏ ట్యాంకుకి ఎంత సిగ్నల్ వచ్చిందో దాన్ని షవర్ మధ్య నుంచి దూరంతో పాటు గీసి ఒక కర్వ్ ఫిట్ చేసి, సరిగ్గా 1000 మీటర్ల దగ్గర సిగ్నల్ ఎంత ఉండాలో చదువుతారు. దీన్నే ఎస్-1000 అంటారు. 1000 ఎందుకంటే, ఆ కర్వ్ ఆకారం ఒక్కో షవర్‌కి కొంచెం కొంచెం మారుతుంది, దాన్ని మనం కచ్చితంగా చెప్పలేం, కానీ ట్యాంకుల మధ్య 1500 మీటర్లున్నప్పుడు ఏ ఆకారం పెట్టి ఫిట్ చేసినా 1000 మీటర్ల దగ్గర జవాబు పెద్దగా మారదు. టెలిస్కోప్ అర్రేలో 507 సింటిలేటర్ (కణం దూసుకెళ్తే వెలిగే పదార్థం) డిటెక్టర్లు 1.2 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి వాళ్లు 800 మీటర్ల దగ్గర చదువుతారు.

ఇక వంకరగా వచ్చిన షవర్ ఎక్కువ గాలి దాటి రావాలి కాబట్టి అదే ఎనర్జీకి సిగ్నల్ తగ్గుతుంది. దీన్ని సరిచేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. ఈ కిరణాలు అన్ని దిక్కుల నుంచీ దాదాపు సమానంగా వస్తాయి, అంటే నిటారుగా వచ్చినవాటిలో సిగ్నల్ సైజు ప్రకారం వందో ర్యాంకు ఈవెంట్‌కీ, అంతే ఎక్స్‌పోజర్ (ఎంత స్థలాన్ని ఎంతసేపు చూశామన్న లెక్క) ఉన్న వంకర కోణంలో వందో ర్యాంకు ఈవెంట్‌కీ ఎనర్జీ ఒకటే అయ్యుండాలి. ఈ ఒక్క ఊహతో గాలి వల్ల తగ్గుదల ఎంతో డేటా నుంచే వచ్చేస్తుంది, సిమ్యులేషన్ జోలికి పోనక్కర్లేదు. అలా ప్రతి షవర్‌నీ 38 డిగ్రీల కోణంలో వచ్చి ఉంటే ఎంత సిగ్నల్ ఇచ్చేదో దానికి మారుస్తారు.

కానీ ఇంత చేసినా చేతిలో ఉన్నది సిగ్నల్ మాత్రమే, ఈవీ కాదు. సిగ్నల్ నుంచి ఈవీకి వెళ్లాలంటే వేరే సాక్ష్యం కావాలి, ఆ ముచ్చట గుడ్లగూబ గారికి వదిలేస్తున్నా, ఆయన ఏరియా అది.

గుడ్లగూబ:

పిలిచారు కాబట్టి వచ్చా.

షవర్ గాలిలో దిగుతున్నప్పుడు నైట్రోజన్ అణువుల్ని రెచ్చగొడుతుంది, అవి అల్ట్రా వయొలెట్‌లో, 300 నుంచి 400 నానోమీటర్ల మధ్యలో సన్నగా వెలుగుతాయి, దీన్నే ఫ్లోరెసెన్స్ అంటారు. ఇందులో అందమేంటంటే ఆ వెలుగు గాలిలో షవర్ పోగొట్టుకున్న ఎనర్జీకి అనులోమంగా ఉంటుంది. టెలిస్కోప్‌తో షవర్ పై నుంచి కింద దాకా ఎంత ఎంత వెలిగిందో గీసి, ఆ కర్వ్ కింద ఏరియా తీసుకుంటే అదే దాదాపు మొత్తం ఎనర్జీ. గాలే ఇక్కడ క్యాలరీమీటర్. ఆజేర్‌లో ఇలాంటి టెలిస్కోపులు నాలుగు చోట్ల కలిపి 27 ఉన్నాయి, ఒక్కో కెమెరాలో 440 పిక్సెల్స్.

మరి అన్నీ దీంతోనే కొలవచ్చు కదా అంటే కుదరదండి, చంద్రుడు లేని, మబ్బు లేని రాత్రుళ్లే పనికొస్తాయి, మొత్తం టైములో 15 శాతం దాటదు. ట్యాంకులు మాత్రం ఎండైనా వానైనా పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటాయి. అందుకే ట్యాంకులూ టెలిస్కోపులూ రెండూ చూసిన మంచి ఈవెంట్స్ ఓ మూడు వేల పైచిలుకు తీసుకుని, ట్యాంకు సిగ్నల్ ఇంత ఉంటే టెలిస్కోప్ ఎనర్జీ ఇంత అని ఒక పవర్ లా ఫిట్ చేస్తారు, ఘాతం దాదాపు 1.03 వస్తుంది, అంటే ఇంచుమించు సరళరేఖే. ఆ ఫిట్‌ని మిగతా లక్షల ఈవెంట్స్‌కి వాడతారు. మీ భాషలో చెప్పాలంటే టెలిస్కోప్ డేటా లేబుల్డ్ సెట్, ట్యాంకుల డేటా అన్‌లేబుల్డ్.

ఇక లేబుల్స్‌లోనే తప్పుంటే? అసలు తలనొప్పి అక్కడే. ఒక మెగా ఈవీ ఎనర్జీ గాలిలో పోతే నైట్రోజన్ ఎన్ని ఫోటాన్లు ఇస్తుందో ల్యాబులో కొలవాలి, ముఖ్యమైన 337 నానోమీటర్ల గీతలో నేల దగ్గరి ప్రెషర్‌లో ఐదారు ఫోటాన్లు మాత్రమే. ఆ రాత్రి గాలిలో దుమ్ము ఎంతుందో తెలియాలి, దానికోసం ఎడారి మధ్య నుంచి లేజర్ వదిలి దాని వెలుగు ఎంత చెదిరిందో టెలిస్కోపులతోనే చూస్తారు. న్యూట్రినోలు, మ్యుయాన్లు గాలిలో వెలగకుండా ఎనర్జీ పట్టుకుని జారుకుంటాయి, ఆ కనపడని వాటా 10^20 దగ్గర 12 శాతం, తక్కువ ఎనర్జీల్లో ఇంకొంచెం ఎక్కువ. కానీ అన్నిటికంటే పెద్ద అనుమానం వీటిలో ఏదీ కాదు, కెమెరాలో ఇన్ని కౌంట్స్ వచ్చాయంటే నిజంగా ఎన్ని ఫోటాన్లు వచ్చి పడ్డాయన్న క్యాలిబ్రేషన్, అదొక్కటే 10 శాతం తింటుంది. అన్నీ కలిపితే ఆజేర్ ఎనర్జీ స్కేల్‌లో 14 శాతం అనిశ్చితి.

ఈ 14 శాతం గురించి ఒక మాట. ఇది ఈవెంట్ ఈవెంట్‌కీ అటూ ఇటూ ఊగే ఎర్రర్ కాదు, అన్ని ఈవెంట్స్‌నీ కట్టగట్టి ఒకే వైపుకి జరిపే ఎర్రర్. ఇంకో ఇరవై ఏళ్లు డేటా తీసినా ఒక్క శాతం తగ్గదు.

సగంచంద్రుడు:

సూపర్ అండి ఇద్దరికీ. లేబుల్డ్ సెట్ అనేసరికి టక్కున ఎక్కింది. కానీ ఒకటి అర్థం కాలేదు, షవర్‌ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసి, ఇంత ఎనర్జీకి ఇంత సిగ్నల్ అని నేరుగా టేబుల్ వేసుకోవచ్చు కదా, ఈ చీకటి రాత్రుల గోల ఎందుకు?

నీళ్లట్యాంకు:

ఒకప్పుడు అలాగే చేసేవాళ్లు. చిక్కేంటంటే 10^20 ఈవీ ప్రోటాన్ గాలిలోని న్యూక్లియాన్‌ని గుద్దితే సెంటర్ ఆఫ్ మాస్ ఎనర్జీ 430 టెరా ఈవీ పైన ఉంటుంది, ఎల్‌హెచ్‌సీ 13.6 దగ్గరే ఉంది. అంత ఎనర్జీలో పార్టికల్ ఫిజిక్స్ ఎలా ఉంటుందో ఎక్స్‌ట్రాపొలేట్ చేయడమే తప్ప కొలిచినవాళ్లు లేరు. పైగా అసలు డేటాలో కనిపించే మ్యుయాన్లు సిమ్యులేషన్ చెప్పేదానికంటే ఎక్కువ ఉన్నాయి, దీన్ని మ్యుయాన్ పజిల్ అంటారు, ఇంకా తెగలేదు. నీళ్ల ట్యాంకు సిగ్నల్‌లో మ్యుయాన్ల వాటా చాలా ఉంటుంది, కాబట్టి సిమ్యులేషన్‌ని నమ్ముకుంటే ఎనర్జీ ఉన్నదానికన్నా పెంచి చెప్పేస్తాం.

టెలిస్కోప్ అర్రే వాళ్లనే చూడండి, సింటిలేటర్లకి సిమ్యులేషన్ టేబుల్ వాడతారు, కానీ అలా వచ్చిన ఎనర్జీని ఫ్లోరెసెన్స్ టెలిస్కోప్ చెప్పినదాంతో పోల్చి 1.27తో భాగిస్తారు. ఇరవై ఏడు శాతం! సిమ్యులేషన్ మీద ఇంతకంటే పెద్ద కామెంట్ ఏముంటుంది.

లాగ్‌లాగ్_పేపర్:

లేటుగా వచ్చా, రెండో మూడో ప్రశ్నలు నాకు వదిలినందుకు థాంక్స్, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ స్పెక్ట్రమ్ కొలతలో వై యాక్సిస్ చాలా తేలిక. ఎన్ని ఈవెంట్స్ వచ్చాయో లెక్కపెట్టు, ఎక్స్‌పోజర్‌తో భాగించు, అంతే. ఎక్స్‌పోజర్ కూడా ఆజేర్‌లో జామెట్రీయే, ఏ ట్యాంకుకి ఎక్కువ సిగ్నల్ వచ్చిందో దాని చుట్టూ ఆరు ట్యాంకులూ ఆ క్షణంలో పనిచేస్తుండాలి అని రూల్ పెట్టుకున్నారు, అలాంటి ఒక్కో షట్కోణానికి 60 డిగ్రీల లోపు కోణాలకి 4.59 చదరపు కిలోమీటర్ స్టెరేడియన్లు, ఏ సెకనుకి ఎన్ని షట్కోణాలు బతికున్నాయో కూడుకుంటూ పోవడమే. 2.5 × 10^18 ఈవీ దాటిన షవర్ ఏదీ ట్రిగ్గర్ తప్పించుకోదు కాబట్టి ఎఫిషియన్సీ తగాదా కూడా లేదు. 2020లో వేసిన స్పెక్ట్రమ్‌కి 60,400 చదరపు కిలోమీటర్ స్టెరేడియన్ ఇయర్స్ ఎక్స్‌పోజర్, 2,15,030 ఈవెంట్స్. ఎక్స్‌పోజర్‌లో ఎర్రర్ మూడు శాతం లోపే.

ప్రాణం తీసేది ఎక్స్ యాక్సిస్. ఎందుకంటే స్పెక్ట్రమ్ నిట్టనిలువు జారుడు. ఫ్లక్స్ ఎనర్జీకి మైనస్ 3 పవర్‌లో పడిపోతోంది అనుకోండి, మీ ఎనర్జీ స్కేల్ 14 శాతం ఎక్కువ చూపిస్తోంది అనుకోండి, అప్పుడు ఒకే ఎనర్జీ దగ్గర ఫ్లక్స్ 1.14 స్క్వేర్, అంటే 30 శాతం పెరిగిపోతుంది. ఘాతం గామా అయితే గామా మైనస్ వన్ పవర్ అన్నమాట. ఇప్పుడు చివరికి వెళ్దాం, 4.6 × 10^19 ఈవీ దాటాక ఆజేర్‌లో ఘాతం 5 చుట్టూ ఉంది, అక్కడ అదే 14 శాతం తేడా 1.14 పవర్ 4, దాదాపు 69 శాతం! ఎక్స్‌లో చిన్న తప్పు వైలో ఎక్కడ స్పెక్ట్రమ్ నిటారుగా ఉంటే అక్కడ అంత పెద్దదవుతుంది.

సగంచంద్రుడు గారి రెండో ప్రశ్నకి సగం జవాబు ఇదే. ఆజేర్‌కీ టెలిస్కోప్ అర్రేకీ ఎనర్జీ స్కేల్స్ మధ్య 9 శాతం తేడా ఉంది, వాడిన ఫ్లోరెసెన్స్ ఈల్డ్ (ఒక మెగా ఈవీకి ఎన్ని ఫోటాన్లన్న అంకె) వేరు, కనపడని ఎనర్జీ అంచనా వేరు. రెండు టీములూ కలిసి కూర్చుని ఒకరిని 4.5 శాతం పైకి, ఇంకొకరిని 4.5 శాతం కిందికి జరిపితే 3 × 10^19 దాకా రెండు స్పెక్ట్రాలు చక్కగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, 14 శాతం, 21 శాతం అనిశ్చితులున్న రెండు ప్రయోగాలకి ఇది చాలా గొప్ప విషయం, జనం దీన్ని పట్టించుకోరు.

మిగతా సగం ఇంకా తేలలేదు. అలా జరిపాక కూడా చివర్లో టెలిస్కోప్ అర్రే పైనే ఉంటోంది. ఒకరు చూసేది దక్షిణాకాశం, ఒకరు చూసేది ఉత్తరాకాశం కాబట్టి సోర్సులే వేరేమో అనుకుని, ఇద్దరికీ కనిపించే ఉమ్మడి పట్టీ మాత్రమే తీసుకుని పోల్చినా తేడా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కాబట్టి ఎనర్జీని బట్టి మారే ఏదో సిస్టమాటిక్ ఎర్రర్ (ఈవెంట్స్‌ని కట్టగట్టి ఒకే వైపుకి జరిపేది) ఎక్కడో దాగుంది, లేదా ఉత్తరాన నిజంగానే ఏదో ఉంది, లేదా రెండూనూ. నన్నడిగితే ముందు సిస్టమాటిక్‌నే అనుమానిస్తా.

ఎనర్జీ క్యూబ్ సంగతి. 10^18.5 నుంచి 10^20కి ఫ్లక్స్ ముప్పై వేల రెట్ల కన్నా ఎక్కువ పడిపోతుంది, ఉత్తినే గీస్తే అంచున ఒక జారుడు బల్ల తప్ప ఏమీ కనపడదు. క్యూబ్‌తో గుణిస్తే మైనస్ 3 ఘాతం అడ్డగీత అయిపోతుంది, దాన్నుంచి ఎక్కడ పైకి లేచిందో, ఎక్కడ కిందికి వంగిందో కంటికి తెలుస్తుంది. 5 × 10^18 దగ్గర ఆంకిల్ అనే మలుపు, అక్కడ ఘాతం 3.29 నుంచి 2.51కి మారుతుంది, 1.3 × 10^19 దగ్గర ఇన్‌స్టెప్ అనే ఇంకో మలుపు, అక్కడ 3.05 అవుతుంది, ఆ తర్వాత 4.6 × 10^19 దగ్గర పడిపోవడం. ఇన్‌స్టెప్‌ని 2020లోనే ఆజేర్ గట్టిగా చూపించింది, అంతకు ముందు గ్రాఫుల్లో అది నున్నగా కనిపించేది. కాబట్టి గుణించడం వండటం కాదు. కానీ మీ అనుమానం పూర్తిగా వృథా కూడా కాదు, ఆ గ్రాఫ్‌లో నిలువు ఎర్రర్ బార్స్ స్టాటిస్టిక్స్‌వి మాత్రమే, ఎనర్జీ స్కేల్ ఎర్రర్ పాయింట్లని ఏటవాలుగా జరుపుతుంది, అది బొమ్మలో ఎక్కడో మూలన చిన్న బాణం గుర్తుగా ఉంటుంది, చాలామంది చూడరు.

ఇంకొకటి మర్చిపోకముందే, ఈవెంట్ ఈవెంట్‌కీ ఊగే రెజల్యూషన్ కూడా అమాయకం కాదు. ఆజేర్‌లో తక్కువ ఎనర్జీ కొసన 20 శాతం, 2 × 10^19 దాటితే 7 శాతం. నిటారు స్పెక్ట్రమ్‌లో కింది బిన్‌లో జనం ఎక్కువ, పై బిన్‌లో తక్కువ, కాబట్టి కింది నుంచి పైకి జారిపడేవి పై నుంచి కిందికి పడేవాటికన్నా ఎప్పుడూ ఎక్కువ. దీన్ని విప్పి సరిచేయకపోతే స్పెక్ట్రమ్ అబద్ధమాడుతుంది.

గుడ్లగూబ:

+1. దీనికి చరిత్రలో ఉదాహరణ అగాసా. జపాన్‌లో అకెనో దగ్గర 100 చదరపు కిలోమీటర్లు, 111 సింటిలేటర్లు. వాళ్లు 10^20 పైన 11 ఈవెంట్స్ చూపించి స్పెక్ట్రమ్ ఆగకుండా సాగిపోతోందన్నారు, యూటాలోని హైరెస్ ప్రయోగం వాళ్లు ఫ్లోరెసెన్స్‌తో చూసి లేదు పడిపోతోందన్నారు. ఆ గొడవ పుణ్యమాని టాప్ డౌన్ మోడల్స్ (ఏవో బాగా బరువైన కణాలు విరిగి ఇవి పుడతాయనేవి) అనీ, సూపర్ హెవీ డార్క్ మ్యాటర్ అనీ, ఐన్‌స్టీన్ రిలేటివిటీ ఉల్లంఘన అనీ థియరీ వాళ్లు పేపర్ల మీద పేపర్లు రాశారు. అగాసా ఎనర్జీ సిమ్యులేషన్ మీద ఆధారపడింది. ఆ స్కేల్‌ని కాస్త కిందికి దింపితే గొడవ చాలావరకు చల్లారిపోతుంది. 2008లో హైరెస్, ఆజేర్ రెండూ పడిపోవడం ఉందని తేల్చాయి.

సగంచంద్రుడు:

ఆ పడిపోవడమే కదా జీజెడ్‌కే అంటారు? 1966లో గ్రైసన్ ఒకవైపు, జాత్సెపిన్, కుజ్మిన్ ఇంకోవైపు, కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్ ఫోటాన్లకి తగిలి ప్రోటాన్లు ఎనర్జీ పోగొట్టుకుంటాయని 5 × 10^19 దగ్గర ఆగిపోవాలని చెప్పారు, సరిగ్గా అక్కడే పడింది, కేసు క్లోజ్ కదా? ఇంకో చిన్న డౌట్, ఊటీలో గ్రేప్స్-3 అనే కాస్మిక్ కిరణాల ప్రయోగం ఉంది కదా, అది ఇవి చూడగలదా?

లాగ్‌లాగ్_పేపర్:

క్లోజ్ కాదండి. ప్రోటాన్లు అయితేనే ఆ లెక్క. ఆజేర్ ఎక్స్ మ్యాక్స్, అంటే షవర్ ఎంత లోతులో ముదురుతుందో చూస్తే, ఆంకిల్ దాటి పైకి వెళ్లేకొద్దీ కణాలు బరువెక్కుతున్నాయి, హీలియం, ఆ తర్వాత నైట్రోజన్ లాంటివి. అలాగైతే ఈ పడిపోవడంలో కొంత దారిలో న్యూక్లియస్‌లు ఫోటాన్లకి తగిలి విరిగిపోవడం వల్ల, కొంత అసలు సోర్సుల దగ్గరే యాక్సిలరేషన్ దమ్ము అయిపోవడం వల్ల. ఛార్జ్ ఎక్కువున్న న్యూక్లియస్‌ని ఎక్కువ ఎనర్జీకి తోయొచ్చు కాబట్టి ముందు ప్రోటాన్లు ఆగిపోతాయి, తర్వాత హీలియం, తర్వాత మిగతావి, ఇన్‌స్టెప్‌ని కూడా ఆజేర్ వాళ్లు అలాగే హీలియం తగ్గి కార్బన్ నైట్రోజన్ ఆక్సిజన్ గుంపు పైకొచ్చే చోటుగా చూస్తున్నారు. జీజెడ్‌కే ఎనర్జీ దగ్గరే పడడం కొంతవరకు కాకతాళీయం కావచ్చు. స్పెక్ట్రమ్ ఒక్కదాన్నే చూసి రెండిటినీ విడదీయలేం, ఒక్కో షవర్‌లో మ్యుయాన్లెన్ని, ఎలక్ట్రాన్లెన్ని అని వేరు చేయాలి, ఆజేర్‌ప్రైమ్ అనే అప్‌గ్రేడ్‌లో ట్యాంకుల నెత్తిన సింటిలేటర్లు, రేడియో యాంటెన్నాలు పెట్టింది అందుకే.

నీళ్లట్యాంకు:

గ్రేప్స్-3కి 25,000 చదరపు మీటర్ల స్థలం. 10^20 పైన కణాలు చదరపు కిలోమీటరుకి వందేళ్లకి ఒకటి కూడా సరిగ్గా రావు, ఆ లెక్కన దాని మీద ఒకటి పడాలంటే నాలుగు వేల ఏళ్ల పైన. కానీ దాని పని వేరే ఎనర్జీల్లో, 2024లో 166 టెరా ఈవీ దగ్గర ప్రోటాన్ స్పెక్ట్రమ్‌లో కొత్త వంపు చూపించింది వాళ్లే.

అమతెరాసు విషయంలో కూడా, 244కి పక్కన స్టాటిస్టికల్ 29, సిస్టమాటిక్ పైకి 51, కిందికి 76 అని రాసుంటుంది, వార్తల్లో అవి ఎగిరిపోయాయి. కిందికి ఎక్కువ ఎందుకంటే అది బరువైన న్యూక్లియస్ అయ్యుంటే అసలు ఎనర్జీ తక్కువ. ఆజేర్ వాళ్లకి ఇప్పటిదాకా దొరికిన పెద్దది 166 ఎక్సా ఈవీ, ఎక్స్‌పోజరేమో వీళ్లదే చాలా ఎక్కువ. అన్నిటికన్నా పెద్దది 1991 అక్టోబర్ 15న యూటాలోనే ఫ్లైస్ ఐ అనే డిటెక్టర్ చూసింది, 320 ఎక్సా ఈవీ.

సగంచంద్రుడు:

చాలా థాంక్స్ అందరికీ. ఇంత విన్నాక చేతులు దురద పెడుతున్నాయి, నిజం డేటాతో నేనే ఒక స్పెక్ట్రమ్ గీయాలంటే దొరుకుతుందా?

లాగ్‌లాగ్_పేపర్:

దొరుకుతుంది. ఆజేర్ వాళ్లు 2021లో పది శాతం డేటా ఓపెన్‌గా పెట్టారు, పైథాన్ నోట్‌బుక్స్ కూడా ఉన్నాయి, స్పెక్ట్రమ్ గీసేది ఒకటి అందులోనే ఉంది. కానీ ముందే చూడకుండా మీరు రాసుకోండి, మజా ఉంటుంది. కోణం 60 డిగ్రీల లోపు, ఎనర్జీ 2.5 × 10^18 పైన అని కట్ పెట్టండి, లాగ్‌లో 0.1 బిన్స్ చాలు. చివరి బిన్స్‌లో రెండు మూడు ఈవెంట్సే ఉంటాయి కాబట్టి మామూలు లీస్ట్ స్క్వేర్స్ వాడొద్దు, పాయిసన్ లైక్లీహుడ్ వాడండి, లేకపోతే పడిపోవడం మొదలయ్యే చోటు ఎటో కొట్టుకుపోతుంది. గీశాక ఎనర్జీలన్నిటినీ 1.14తో గుణించి మళ్లీ గీయండి, రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడ పోస్ట్ చేయండి.

గుడ్లగూబ:

0.86తో కూడా.